మట్టికట్ట దాటించే గది

కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లోని హాంటెడ్ మాన్షన్‌లో అడుగుపెట్టిన వారందరినీ ముందుగా ఒక ఎనిమిది పలకల గదిలోకి పంపుతారు. తలుపు మూసుకుంటుంది. గోడలు పైకి సాగుతున్నట్టు, వాటి మీది చిత్రపటాలు అంతకంతకూ పొడవవుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి కదిలేది నిలబడ్డ నేలే. ఆ గది ఒక లిఫ్టు. పార్కు చుట్టూ ఎత్తయిన మట్టికట్ట, కట్ట మీద రైలు పట్టాలు ఉన్నాయి. దయ్యాలుండే అసలు భవనం కట్టకు అవతల ఉంది. జనాన్ని పట్టాల కిందుగా అవతలికి చేర్చాలి, చేర్చినట్టు వాళ్లకు తెలియకూడదు. ఆ ఇబ్బందిలోంచే ఈ గది పుట్టింది. 1971లో ఫ్లోరిడాలో మరో మాన్షన్ తెరిచినప్పుడు లిఫ్టు అక్కర్లేకపోయింది. అయినా గదిని మాత్రం వదులుకోలేదు. అక్కడ నేల కదలదు, పైకప్పును లేపుతారు. అవసరం పోయింది, అలంకారం మిగిలింది.

ఒకప్పటి అవసరం తర్వాత అలంకారంగా మిగలడం, ఛందస్సు చరిత్ర తెలిసిన పాఠకులకు కొత్త సంగతేమీ కాదు. థీమ్ పార్కుల కళలో నేటికీ నిలిచి ఉన్నవాటిలో చాలా భాగం ఇలా ఇరుకులోంచి పుట్టినవే. 1955 జూలై 17న అనహైమ్‌లో, నారింజ తోటలు కొట్టేసిన నేల మీద డిస్నీలాండ్ తెరుచుకుంది. నిర్మాణానికి పట్టింది ఏడాదే. దాన్ని గీసినవారిలో ఎక్కువమంది సినిమా ఆర్ట్ డైరెక్టర్లు, యానిమేటర్లు. వాళ్లకు తెలిసిన విద్య సెట్టు వేయడం. ప్రధాన వీధిలో పై అంతస్తులను కింది అంతస్తుల కన్నా చిన్నగా కట్టారు. కోట ఎత్తు 77 అడుగులే అయినా, పైకి వెళ్లేకొద్దీ రాళ్ల సైజు తగ్గించి చాలా ఎత్తుగా కనిపించేలా చేశారు. వీధి చివర కోట కనపడితే కాళ్లు వాటంతట అవే అటు నడుస్తాయి. బయటి ఊరు కంటపడకుండా కట్ట అడ్డుకుంటుంది. అన్నిటికీ డిస్నీలాండే మొదలనడం మాత్రం సరికాదు. అంతకు మూడేళ్ల ముందే నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్‌లో ఆంటన్ పీక్ అనే పుస్తక చిత్రకారుడి గీతల ఆధారంగా జానపద కథల అడవి వెలిసింది.

నా లెక్కలో ఈ కళకు శిఖరాలు రెండు: 1967లో డిస్నీలాండ్‌లో వచ్చిన పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ అనే పడవ రైడ్, 1969లో వచ్చిన హాంటెడ్ మాన్షన్. మొదటిది తెరవడానికి మూడు నెలల ముందే వాల్ట్ డిస్నీ చనిపోయారు. పైరేట్స్‌లో పడవ జలపాతం జారి ముందు అస్థిపంజరాల మధ్యకు చేరుతుంది. బతికున్న దొంగలు, వాళ్లు తగలబెట్టే ఊరు ఆ తర్వాతే వస్తాయి. అంటే చావు ముందు, బతుకు తర్వాత. నాయకుడు లేడు, కథనం చెప్పే గొంతు లేదు. ఒక దొంగ ఏదో అంటూ ఉండగానే పడవ సాగిపోతుంది. విందులో నాలుగు మూలల నుంచీ సగం సగం మాటలు చెవిన పడినట్టుంటుంది. మిగతాది ఊహించుకోవడం పడవలో కూర్చున్నవారి పని.

మాన్షన్ విషయంలో ఇద్దరు పెద్ద కళాకారులకు పడలేదు. క్లాడ్ కోట్స్ దృశ్యాల నేపథ్యాలు గీసే చిత్రకారుడు, ఆయనకు గగుర్పాటు కావాలి. మార్క్ డేవిస్ పాత్రలకు ప్రాణం పోసే యానిమేటర్, ఆయనకు నవ్వు కావాలి. ఎవరూ పూర్తిగా నెగ్గలేదు. మొదటి సగంలో అంతులేని వసారా, గాలిలో తేలే కొవ్వొత్తుల దీపం, ఉబ్బే తలుపులు తప్ప ఒక్క దయ్యమూ సరిగా కనపడదు. రెండో సగం శ్మశానంలో కచేరీ. రెండు రాతప్రతులను కుట్టిన చోటు తెలుస్తూనే ఉంటుంది, నాకు అదే ఇష్టం. నాట్యశాలలోని దయ్యాలు 1862లో లండన్‌లో పెప్పర్ ప్రదర్శించిన అద్దం మాయకు వారసులు. మనం చూసేది ప్రతిబింబాలనే గనక కుడిఎడమలు తారుమారై నాట్యమాడే జంటల్లో ఆడవాళ్లే మగవాళ్లను నడిపిస్తుంటారు!

మేధావులు ఈ పార్కును తేలిగ్గా వదల్లేదు. బొమ్మరిళ్ల ముఖాల వెనక ఉన్నది మారువేషం వేసిన అంగడేనని ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకో తేల్చారు. 1963లో జేమ్స్ రౌస్ మాత్రం హార్వర్డ్‌లో మాట్లాడుతూ అమెరికా పట్టణ రూపకల్పనలో ఇదే సర్వోత్తమమన్నారు. రౌస్ షాపింగ్ మాల్స్ కట్టే వ్యాపారి. ఆ సంగతి గుర్తుంటే ఎకో మాటకే బలం పెరుగుతుంది.

వారసత్వం చాలా దూరం పాకింది. దూరాన ఒక బురుజు చూపించి ఆటగాణ్ణి అటు లాగే వీడియో గేములు ఈ బడివే. 2010లో ఓర్లాండోలో తెరిచిన హ్యారీ పాటర్ లోకంలో కోట గదుల గుండా సాగే క్యూ కూడా కథలో భాగమే. మన రామోజీ ఫిల్మ్ సిటీ సరదా వేరు. ముందొక రూపం, పక్కన మరో రూపంగా కట్టిన సెట్లను అక్కడ దగ్గరుండి చూపిస్తారు. డిస్నీలాండ్‌లో దాచేదాన్నే ఇక్కడ టికెట్టు పెట్టి చూపిస్తారన్నమాట.

పాత కృతులను దిద్దవచ్చా అన్న ప్రశ్న ఈ కళకూ తప్పలేదు. పైరేట్స్‌లో ఆడవాళ్లను వేలం వేసే దృశ్యాన్ని 2018లో మార్చారు. అమ్ముడుపోవాల్సిన ఎర్రజుట్టు స్త్రీ ఇప్పుడు తానే ఒక దొంగ. ఆ మార్పుపై నాకు అభ్యంతరం లేదు. చెరుపు అంతకు ముందే, 2006లో జరిగింది. ఆ రైడ్ నుంచి పుట్టిన సినిమా ఘనవిజయం సాధించాక, అందులో జానీ డెప్ వేసిన జాక్ స్పారో పాత్రను తెచ్చి రైడ్‌లో పెట్టారు. నాయకుడు అక్కర్లేని కథకు నాయకుణ్ణి అంటగట్టారు. ఇప్పుడు పడవలోని వాళ్లు ఊరు తగలబడటాన్ని పట్టించుకోరు, జానీ డెప్ పోలికలున్న బొమ్మ ఏ పీపాలో దాక్కుందోనని వెతుకుతుంటారు.