వెనక వరసలో అమ్మ

మా గృహప్రవేశం ఫొటోలో ముందు కూర్చున్న మగవాళ్ల మీసాలు లెక్కపెట్టొచ్చు. వెనక నిలబడ్డ అమ్మా, పిన్నీ మాత్రం మసక మసక! "కెమెరా అంతే" అన్నారు మావారు. నమ్మేశాను.

నేర్చుకున్నాక తెలిసింది, తప్పు కెమెరాది కాదని. లెన్సు లోపలి కంతని ఎఫ్ 1.8 దగ్గర బార్లా తెరిస్తే ఒక వరసే స్పష్టంగా వస్తుంది. ఎఫ్ 8కి తిప్పితే కంత చిన్నదై, వెనకవాళ్లూ తేటపడతారు. వెలుతురు తగ్గుతుంది కనుక షట్టర్ నెమ్మదిగా పడాలి, చెయ్యి కదలకూడదు. రెండడుగులు వెనక్కి జరిగితే ఇంకా మేలు. ఇంతే విద్య!

అమెరికాలో ఇమోజెన్ కన్నింగ్‌హామ్ ముగ్గురు పిల్లలతో ఇల్లు కదల్లేక, 1920లలో పెరటి పూలనే ఫొటోలు తీసింది. 1932లో మిత్రులతో కలిసి పెట్టుకున్న బృందం పేరు 'ఎఫ్ 64'. అంటే దగ్గరా దూరమూ అన్నీ తేటగా కనిపించేంత సన్న కంత.

మనకేమో కెమెరా ఇచ్చి "ఈ బటన్ నొక్కు, చాలు" అంటారు. చాలదు. ఎవరు తేటగా కనపడాలో ఆ అంకె తిప్పే చెయ్యే నిర్ణయిస్తుంది. ఆ చెయ్యి మనదెందుకు కాకూడదు?

మొన్న అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి ఫొటో నేనే తీశాను. అమ్మ కళ్లజోడు సవరించుకుని చూసి, "నా ముక్కుపుడక కూడా పడిందే!" అంది.