పేరులో పారే ఏరు

1982లో వచ్చిన 'గాంధీ' చిత్రం చూశారు కదూ? మహాత్ముడు ముద్దాయిగా కోర్టులో అడుగుపెట్టగానే లేచి నిలబడే జడ్జిగారు గుర్తున్నారా? ఆ వేషం వేసింది ట్రెవర్ హోవర్డ్. పుట్టింది ఇంగ్లండులోనే గానీ, పేరు మాత్రం వేల్స్ సరుకు. 'ట్రెవ్' అంటే ఊరు, 'మౌర్' అంటే పెద్ద. వెరసి 'పెద్దూరు' అన్నమాట! మనవాళ్ళలో ఒక హీరోని "ఒరే పెద్దాపురం!" అని పిలిచినట్టు!

ఇదేం పిచ్చి అనకండి. వేల్స్‌లో పూర్వం ఇంటిపేర్లే లేవు. ఫలానావాడి కొడుకు ఫలానా... అంతే. 16వ శతాబ్దం నుంచి ఇంగ్లీషు పద్ధతి వచ్చి, తండ్రుల పేర్లే ఇంటిపేర్లయి కూర్చున్నాయి. జోన్స్, డేవిస్, విలియమ్స్, థామస్... గుప్పెడంటే గుప్పెడు! ఒకే ఊళ్ళో పదిమంది జాన్ జోన్సులుంటే పోస్టుమాన్ గతేం కాను?

అక్కడే ఏళ్ళూ, లోయలూ ఆదుకున్నాయి. జాన్ బ్లాక్‌వెల్ (1797-1840) అనే కవి తన ప్రాంతపు నది పేరునే కలంపేరు చేసుకున్నాడు - 'అలన్' అని. ఆ పేరు తర్వాత మగపిల్లలకు మామూలైపోయింది. బీటిల్స్ కుర్రాళ్ళు నటించిన 'ఎ హార్డ్ డేస్ నైట్' (1964) రచయిత అలన్ ఓవెన్ కూడా ఈ పేరువాడే. నటుడు, నాటకకర్త ఎమ్లిన్ విలియమ్స్ పేరు వింటే పడమటి వేల్స్‌లోని ఎమ్లిన్ సీమ గుర్తొస్తుంది.

నాకు బాగా నచ్చిన కథ ఇంకోటుంది. విలియం థామస్ అనే మతగురువు మార్లైస్ అనే చిన్న ఏటి పేరుతో పద్యాలు రాసేవాడు. రైతుల పక్షం మాట్లాడాడని 1876లో భూస్వామి ఆయన ప్రార్థనామందిరానికే తాళం వేయించాడు. మందిరం పోయింది, పేరు పోలేదు. ఆయన సోదరుడి మనవడే మహాకవి డిలన్ మార్లైస్ థామస్! ఆ కవి 1943లో పుట్టిన కూతురికి ఏరన్ నది పేరు మీద 'ఏరన్వీ' అని పెట్టుకున్నాడు.

ఏటి పేర్లు మనకీ ఉన్నాయి - గోదావరి, కృష్ణవేణి, కావేరి. అయితే అవి పుణ్యనదులు, దేవతలు. కొడుక్కి 'బుడమేరు' అని పేరుపెట్టిన తండ్రిని మీరెక్కడైనా చూశారా? వాళ్ళు పెట్టుకున్నది గుమ్మం ముందు వాగు పేరు! మనం ఊరిని ఇంటిపేరులో దాచుకున్నాం, వాళ్ళు సొంతపేరులో దాచుకున్నారు. తేడా అంతే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే - సినిమాల్లోకి వెళ్ళాలనుకునే కుర్రాళ్ళు ముందు చేసే పని ఇంటిపేరు కొట్టేయడం. "మోటుగా ఉంది సార్!" అంటారు. వేల్స్‌లో పుట్టిన రిచర్డ్ జెంకిన్స్ కూడా పేరు మార్చాడు. కానీ చదువు చెప్పి, పెంచిన గురువు ఫిలిప్ బర్టన్ పేరు తీసుకుని రిచర్డ్ బర్టన్ అయ్యాడు. అది ఋణం తీర్చుకోవడం. మన రేలంగి వెంకట్రామయ్యగారిని ఎవరైనా వెంకట్రామయ్య అన్నారా? 'రేలంగి' అన్నారు. పశ్చిమ గోదావరిలో ఆ పేరుతో ఊరే ఉంది. మోటని ఆయన తీసేసి ఉంటే?

కాబట్టి కాబోయే హీరోలూ, హీరోయిన్లూ! తెరపేరు పెట్టుకోండి, కాదనను. ఏటిని మాత్రం పారబోసుకోకండి!