పద్నాలుగేళ్లు దాటిన కుర్రవాడికి బడి ఏదీ?

బాపట్ల: చేలో మోటారు పోయినా, గుడిలో హుండీ పగిలినా గ్రామాల్లో ముందుగా అనుమానించేది బడి మానేసి తిరుగుతున్న కుర్రవాళ్లనే. స్టేషనుకు పిలిపించి, విచారించి పంపేస్తారు. ఆ తర్వాత ఆ కుర్రవాణ్ణి ఎవరూ పనికి పిలవరు. ఈ పద్ధతి వల్ల నేరాలు తగ్గవని చెప్పడానికి దూరం పోనక్కరలేదు. స్టువర్టుపురం మన జిల్లాలోనే వున్నది.

తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వర్తించింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీ కింద ఇక్కడ సెటిల్‌మెంటు పెట్టారు. పెద్దలు హాజరు పలకాలి. అనుమతి లేకుండా ఊరు దాటరాదు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా ఆ చట్టంలో వుండేది. భూములు ఇచ్చిన మాటా, చీరాల పొగాకు కంపెనీలో కొందరికి పని దొరికిన మాటా నిజమే. అయితే పుట్టిన ప్రతి బిడ్డకూ దొంగ అన్న ముద్ర ముందే పడిపోయింది. 1952లో దేశమంతటా చట్టం రద్దయినా ముద్ర మాత్రం పోలేదు. 2023లో కూడా ఆ ఊరి దొంగతనాల మీద సినిమా తీశారంటే ఇంకేమనాలి!

1970ల మధ్యకాలంలో లవణం, హేమలతా లవణం దంపతులు మరో దారి తొక్కారు. హేమలత మహాకవి జాషువా కుమార్తె. వీరు ఇళ్లకు వెళ్లి మగవారితోనే గాక ఆడవారితోనూ మాట్లాడారు. నేరం మానదలచిన వారికి బతుకుతెరువు, పిల్లలకు చదువు ముఖ్యమని పట్టుబట్టారు. పోలీసు లాఠీ చేయలేని పని కొంత ఆ మాటలు చేశాయి.

ఇప్పుడు కొరవడింది అటువంటి మనుషులే. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల దాకానే. 2015 నాటి బాలల న్యాయ చట్టం మాత్రం పద్దెనిమిదేళ్లు నిండేవరకూ బాలుడే అంటుంది. నడుమ నాలుగేళ్లు మెకానిక్ షెడ్డులోనో, హోటలులోనో గడిచిపోతాయి. కుర్రవాడు చెడు సావాసం పట్టేదీ, సారాకు, పేకాటకు అలవాటు పడేదీ ఎక్కువగా ఆ నాలుగేళ్లలోనే.

1979-80లో మొదలైన అనియత విద్యా కేంద్రాలు కూలికి పోయే పిల్లలకు వీలైన వేళలో రోజుకు రెండు గంటలు చదువు చెప్పేవి. పలకలు రాలేదనీ, గౌరవ వేతనం అందలేదనీ వాటి మీద ఫిర్యాదులు లేకపోలేదు. కాని చెప్పేవాడు ఊరి మనిషి. ఏ పిల్లవాడు రాలేదో, ఎందుకు రాలేదో అతనికి తెలిసేది. 2001లో ఆ పథకం పోయి వేరే పథకాలు వచ్చాయి. నేడు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదోతరగతి పరీక్ష రాయవచ్చు. కాని పగలంతా పనిచేసి వచ్చిన కుర్రవాడికి రాత్రిపూట లెక్కలు చెప్పేదెవరు?

ఊళ్లో బడి గదులు సాయంత్రం నుంచి ఖాళీగానే వుంటాయి. ఇంటరు, డిగ్రీ చదివి ఇంటి దగ్గర వున్న యువకులూ వున్నారు. పంచాయతీ తలచుకుంటే కరెంటు ఖర్చు పెద్ద భారం కాదు.

ఇక తప్పు చేసి దొరికిన బాలుని సంగతి. సలహా చెప్పి ఇంటికి పంపడం, సమాజసేవ చేయించడం, బడికి పంపమనడం వంటి ఉత్తర్వులు బాలల న్యాయమండలి ఇవ్వవచ్చు. ఘోర నేరాల్లో పదహారేళ్లు దాటినవారికి వేరే నిబంధనలున్నాయి. ప్రతి పోలీసుస్టేషనులోనూ ఎ.ఎస్.ఐ.కి తగ్గని బాలల సంక్షేమాధికారి ఒకరు వుండాలని కూడా చట్టం చెబుతున్నది. తమ స్టేషనులో ఆ అధికారి ఎవరో గ్రామస్థులు వెళ్లి అడగవచ్చు.