రాజీయే రాజమార్గం.. రాత ఉంటేనే రక్షణ

పొలం గట్టు, డొంక దారి, కాలువ నీటి వంతు, అన్నదమ్ముల పంపకం, ప్రామిసరీ నోటు బాకీ, చెల్లని చెక్కు.. పల్నాడు పల్లెల నుంచి కోర్టు మెట్లెక్కే వివాదాలు ఎక్కువగా ఈ కోవకు చెందినవే. దేశవ్యాప్తంగా జిల్లా, ఆ దిగువ స్థాయి కోర్టులలో నాలుగు కోట్లకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయి. సివిల్ దావా వేసిన తండ్రి కాలం చేసి, వాయిదాలకు కొడుకు తిరుగుతున్న ఉదంతాలు ఏ గ్రామంలోనైనా కనిపిస్తాయి. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడుస్తాడన్న సామెత ఊరికే పుట్టలేదు. ఈ నేపథ్యంలో కోర్టు వెలుపల రాజీ పడడం మేలన్న మాటలో సందేహం లేదు. అయితే అన్ని రాజీలకూ ఒకే బలం ఉండదు. ఈ తేడా తెలియక తెల్లకాగితంపై సంతకం చేసిన రైతు అటు సొమ్మునూ ఇటు కాలాన్నీ కోల్పోయి, చివరకు అదే కోర్టుకు చేరుతున్నాడు.

పెద్దమనుషుల తీర్పుకు బలమెంత?

గ్రామాలలో తగవు తలెత్తితే మొదట ఆశ్రయించేది పెద్దమనుషులనే. ఇరుపక్షాల నుంచి ధరావతు కట్టించుకోవడం, మాట తప్పకుండా ఖాళీ నోట్లపై సంతకాలు తీసుకోవడం చాలాచోట్ల ఆనవాయితీ. రాజీ కుదిరితే కాగితం రాసుకుంటారు. చట్టం దృష్టిలో అది మహా అయితే ఒక ఒప్పంద పత్రం మాత్రమే. ఎదుటి పక్షం అడ్డం తిరిగితే దాన్ని నేరుగా అమలు చేయించే వీలు లేదు. దాని ఆధారంగా మళ్లీ కొత్తగా దావా వేయవలసిందే. స్థిరాస్తి హక్కులను మార్చే పత్రమైతే రిజిస్ట్రేషన్ లేదన్న అభ్యంతరం కూడా ఎదురవుతుంది.

అంతకు మించిన ముప్పు కాలపరిమితి. 1963 నాటి చట్టం ప్రకారం ప్రామిసరీ నోటు బాకీపై నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. అమ్మకం అగ్రిమెంటు అమలుకు కోరే దావాకూ మూడేళ్లే గడువు. అది అగ్రిమెంటులో నిర్ణయించిన తేదీ నుంచి, తేదీ లేకుంటే ఎదుటివారు నిరాకరించిన విషయం తెలిసిన నాటి నుంచి మొదలవుతుంది. ఊరి పంచాయితీ నడుస్తున్నంత మాత్రాన ఈ గడువు ఆగదు. పండగ వెళ్లాక చూద్దాం, పంట చేతికొచ్చాక చూద్దాం అంటూ గడువు దాటిస్తే న్యాయమైన బాకీ సైతం వసూలు కాకుండా పోతుంది. గడువు ముగియకముందే బాకీదారుతో కొంత సొమ్ము కట్టించి నోటుపై చెల్లు రాయించుకోవడం, లేదా బాకీని అంగీకరిస్తూ సంతకంతో లేఖ తీసుకోవడం ద్వారానే కొత్త గడువు లభిస్తుంది.

పెద్దలు జరిమానా వేయడం, మాట వినని కుటుంబాన్ని వెలివేయడం రాజీ కిందకు రావు. ఏ గ్రామ కమిటీకీ, కుల సంఘానికీ ఆ అధికారం లేదు. ఇలాంటి కుల పంచాయతీలు చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది.

లోక్ అదాలత్ అవార్డు.. కోర్టు డిక్రీతో సమానం

రాజీకి చట్టపరమైన ముద్ర వేసేందుకు సామాన్యునికి అందుబాటులో ఉన్న వేదిక లోక్ అదాలత్. గుజరాత్‌లోని జునాగఢ్ జిల్లా ఊనాలో 1982లో మొదలైన ఈ ప్రయోగానికి, 1995 నవంబరు 9న అమలులోకి వచ్చిన న్యాయ సేవాధికార సంస్థల చట్టం చట్టబద్ధత కల్పించింది. ఇక్కడ కోర్టు ఫీజు లేదు. పెండింగు కేసు రాజీ అయితే అప్పటికే చెల్లించిన ఫీజు తిరిగి వస్తుంది. కోర్టుకు వెళ్లకముందే ఉన్న వివాదాన్ని సైతం నేరుగా దీని ముందుంచవచ్చు. ఊళ్లో కుదిరిన రాజీని కూడా ఇక్కడికి తెచ్చి అవార్డుగా మార్చుకునే వెసులుబాటు ఉందన్నది చాలామందికి తెలియని విషయం.

ఈ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. మాట తప్పితే కొత్త దావాతో పని లేకుండా అమలు పిటిషన్ వేస్తే సరిపోతుంది. చెక్కు కేసులో కుదిరిన రాజీకి సైతం ఇదే బలం ఉందని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది. అయితే అవార్డుపై అప్పీలు లేదు. మోసం వంటి పరిమిత కారణాలపై హైకోర్టును ఆశ్రయించడమే మార్గం. కాబట్టి ప్రతి షరతునూ చదివించుకుని, సొమ్ము ఎప్పుడు, ఎన్ని వాయిదాలలో చెల్లించాలో స్పష్టంగా రాయించుకున్నాకే సంతకం చేయాలి. ఇష్టం లేకపోతే నిరాకరించవచ్చు. ఇరుపక్షాల అంగీకారం లేకుండా తీర్పు చెప్పే అధికారం లోక్ అదాలత్‌కు లేదని సుప్రీంకోర్టు 2008లో పేర్కొనడం గమనార్హం. పెండింగు కేసుల సంఖ్య తగ్గించుకునే ఆత్రుతలో కక్షిదారులపై ఒత్తిడి తేవడం ఈ వ్యవస్థ ఉద్దేశానికే విరుద్ధం.

విద్యుత్తు, రవాణా, తపాలా, బీమా, ఆసుపత్రి సేవలపై వివాదాలకు శాశ్వత లోక్ అదాలత్ ఉంది. రాజీ కుదరకపోతే నిర్ణయం చెప్పే అధికారం దీనికి ఉండడం విశేషం.

ఒకే మాట.. రెండు అర్థాలు

వాడుకలో మీడియేటర్‌నూ ఆర్బిట్రేటర్‌నూ కూడా ‘మధ్యవర్తి’ అనే అంటున్నారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మీడియేటర్ తీర్పు చెప్పడు. ఇరువురినీ కూర్చోబెట్టి ఒప్పందానికి దారి చూపుతాడు. ఆర్బిట్రేటర్ అలా కాదు. వాదనలు విని అవార్డు ఇస్తాడు. అది నచ్చినా నచ్చకున్నా కట్టుబడవలసిందే.

పెండింగు దావాను మీడియేషన్‌కు పంపే వీలును సివిల్ ప్రొసీజర్ కోడ్ 2002 నుంచి కల్పిస్తోంది. 2023లో పార్లమెంటు ప్రత్యేకంగా మీడియేషన్ చట్టాన్ని ఆమోదించింది. దాని నిబంధనలలో కొన్ని అదే ఏడాది అక్టోబరులో అమలులోకి వచ్చాయి. 120 రోజులలో ప్రక్రియ ముగియాలని, అవసరమైతే మరో 60 రోజులు పొడిగించవచ్చని చట్టం చెబుతోంది. ఊరి ప్రశాంతతకు భంగం కలిగించే వివాదాలకు సామాజిక మధ్యవర్తిత్వాన్నీ ఇందులో చేర్చారు. కానీ ఆ పద్ధతిలో కుదిరిన ఒప్పందానికి డిక్రీ బలం ఉండదని అదే చట్టం పేర్కొంటోంది.

నోటీసును పక్కన పెడితే నష్టమే

ట్రాక్టరు, ఆటో, లారీలకు ఫైనాన్స్ తీసుకునేవారు సంతకం చేసే పత్రాలలో ఆర్బిట్రేషన్ షరతు సర్వసాధారణం. ఎక్కడో దూర నగరం నుంచి వచ్చిన ఇంగ్లిషు నోటీసును చూరులో దోపి మరచిపోతే, ఎదురు వాదన లేకుండానే అవార్డు వెలువడుతుంది. ఆ తరువాత ఆస్తి జప్తుకు స్థానిక కోర్టులో పిటిషన్ పడినప్పుడు గానీ విషయం తెలిసిరాదు. అవార్డు అందిన మూడు నెలలలోగా, తగిన కారణం చూపితే మరో 30 రోజులలోగా మాత్రమే దాన్ని సవాలు చేయగలరు. వివాద ఫలితంతో ప్రయోజనం ముడిపడి ఉన్న పక్షం ఏకపక్షంగా ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. నోటీసుకు సకాలంలో బదులిచ్చినవారికే ఈ రక్షణ అక్కరకు వస్తుంది.

చిట్టీల వ్యాపారంలో వివాదాలు 1982 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రార్ వద్దే ఆర్బిట్రేషన్‌కు వెళ్లాలి. జాతీయ రహదారులకు భూమి కోల్పోయిన రైతు పరిహారం చాలదనుకుంటే కేంద్రం నియమించిన ఆర్బిట్రేటర్‌నే ఆశ్రయించాలి. సాధారణంగా ఆ బాధ్యత జిల్లా కలెక్టరుకు ఉంటుంది.

రాజీకి తగనివీ ఉన్నాయి

అన్నింటికీ రాజీయే మందు కాదు. చట్టం రాజీకి అనుమతించని నేరాలు లోక్ అదాలత్ పరిధిలోకి రావు. అత్యాచారం కేసుల్లో రాజీకి తావే లేదని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది. ఇంట్లో హింసను భరిస్తున్న మహిళను సర్దుకుపొమ్మని ఒత్తిడి చేసి తెచ్చే సమ్మతి సమ్మతి అనిపించుకోదు. బలవంతుడు మాట్లాడి బలహీనుడు తలూపే చోట కోర్టే శరణ్యం.

మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. పరిమిత ఆదాయం గల ఇతరులకూ ఈ సౌకర్యం ఉంది. జిల్లా జడ్జి అధ్యక్షతన పనిచేసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ, మండల న్యాయ సేవా కమిటీలో గానీ తెల్లకాగితంపై అర్జీ ఇస్తే చాలు. 15100 నంబరుకు ఫోన్ చేసినా సమాచారం లభిస్తుంది. పెద్దమనుషుల సమక్షంలో సంతకం చేసే ముందు ఈ ఒక్క ఫోన్ చేయగలిగితే, ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగే బాధ తప్పుతుంది. గ్రామసభలలో, సహకార సంఘాల సమావేశాలలో ఈ విషయాలపై అవగాహన కల్పించవలసిన అవసరం ఎంతైనా ఉంది.