డర్బనులో దాచిన అద్దము



1946లో దక్షిణాఫ్రికాలోని భారతీయుల పట్ల సాగుతున్న జాతివివక్షను మన దేశము ఐక్యరాజ్యసమితి ముందుంచినది. నేటాలు చెరకుతోటలకు కూలీలుగా వెళ్ళిన తెలుగువారి సంతతియు ఆ బాధితులలో ఉన్నది. అది తమ ఆంతరంగిక వ్యవహారమన్న ఆ ప్రభుత్వ వాదనను మనము త్రోసిపుచ్చినాము.

2001లో అదే నేటాలు సీమలోని డర్బనులో జాతివివక్షపై ప్రపంచ సదస్సు జరిగినది. కులవివక్షను చర్చించమని దళితులు కోరగా, కులము జాతి కాదని, అది తమ ఆంతరంగిక విషయమని మన ప్రతినిధులే పలికినారు! ఇజ్రాయెలుపై విమర్శ నచ్చక అమెరికా నడుమనే లేచిపోయినది.

కులము జాతి కాదనుట శాస్త్రరీత్యా ఒప్పే కావచ్చును. కారంచేడు (1985), చుండూరు (1991) మృతుల బంధువులకు ఆ నిర్వచనము ఏమి ఊరట? మా నస్పూరు బొగ్గుబావిలో దిగినవారి మొగములన్నీ ఒకే నలుపు. పైకి వచ్చి కడుగుకొన్నంతనే కులము తేలుతుంది.

2017లో కాన్సాసులో తెలుగు యువకుడు జాతిద్వేషానికి బలియైనప్పుడు న్యాయమడిగిన నోటితోనే, ఇదియు అడుగవలదా?