దువా, దవా రెండూ ‘దవ’ అయిపోతే

మా అమ్మీ దగ్గర ఒక పాత నోటుబుక్కు ఉంది. సగం దువాలు, సగం ఇంటి దవాలు. దగ్గుకి ఏం నూరాలి, పసిపిల్లల కడుపునొప్పికి ఏం పట్టాలి, ఏ దువా చదివి ఊదాలి... అన్నీ ఉర్దూలోనే రాసుకుంది. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని కాబట్టి ఆ కితాబ్ చదవగలను. మా ఖాందాన్‌లో పిల్లలకి ఉర్దూ మాట్లాడడం వచ్చు గానీ హర్ఫ్ చూపిస్తే దిక్కులు చూస్తారు. వాళ్లు చదివేది తెలుగే. బీటెక్ మూడో ఏడులో ఉన్న మా అమ్మాయి మొన్న సెలవుల్లో, “అబ్బా, దాదీ కితాబ్ మొత్తం వెబ్‌సైట్‌లో పెడతా. ఒక్కోదానికి ఉర్దూ పేజీ ఒకటి, తెలుగు తర్జుమా పేజీ ఒకటి” అంది. ఇంటిల్లిపాదీ ఖుష్.

దానికోసం తను జాంగో తీసుకుంది. పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్. గోడలూ తలుపులూ వాళ్లే తయారుచేసి ఇస్తారు, మనం ఇల్లు అమర్చుకోవాలి. ఏది ఎక్కడ బిగించాలో చెప్పే కాగితాలే డాక్యుమెంటేషన్. ఉస్తాద్ పక్కన లేని తాలిబుల్ ఇల్మ్‌కి ఆ కాగితాలే ఉస్తాద్.

మొదట ‘జ్వరానికి దువా’ అనే పేజీ పెట్టింది. ఎక్కింది. తర్వాత ‘జ్వరానికి దవా’ పెట్టింది. ఎక్కలేదు. ఈ పేరుతో ఇప్పటికే ఒకటి ఉంది అని ఎర్రర్. వెళ్లి చూస్తే మొదటి పేజీ లింకులో ఉన్న పేరు ‘జవరనక-దవ’. గుడిలేదు, దీర్ఘం లేదు, కొమ్ము లేదు, పొల్లు లేదు. రెండో పేజీకీ అదే పేరు తయారైంది. దువా, దవా రెండూ ‘దవ’! ఉర్దూ పేజీలు మాత్రం ‘బుఖార్ కీ దువా’, ‘బుఖార్ కీ దవా’ అని వేర్వేరుగా, సహీ సలామత్‌గా ఉన్నాయి.

రెండు రాత్రులు కూర్చుంది పాపం. “నాదే ఘల్తీ అబ్బా, ఎక్కడో తప్పు రాశా” అని ఒకటే పరేషానీ. డాక్యుమెంటేషన్‌లో ఉన్నది ఉన్నట్టే చేశానంటుంది, మళ్లీ తప్పు నాదే అంటుంది. ఆ రెండో మాట నాకు గుచ్చుకుంది. అందుకే కంప్యూటర్ సంగతులు అంతంత మాత్రంగా తెలిసిన నేను ఈ ముచ్చట రాస్తున్నాను.

లింకు చివర వచ్చే ఆ పొట్టి పేరుని స్లగ్ అంటారు. ఇది మా అఖ్బార్ల మాటే. డెస్కులో ప్రతి ఖబర్‌కీ సర్ఖీ పెట్టకముందే ఒక చిన్న గుర్తింపు పేరు పెడతాం, అదే స్లగ్. జాంగో డాక్యుమెంటేషన్ కూడా ఇది పత్రికల పదం అని రాసుకుంది. రాసుకోవాలి మరి. జాంగో పుట్టింది అమెరికాలోని కాన్సస్‌లో, లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే పత్రిక ఆఫీసులో. 2005లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చారు. మా బిరాదరీ సామాను అన్నమాట. అందుకే షిక్వా చేసే హఖ్ నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటున్నా.

సర్ఖీ ఇస్తే స్లగ్ తయారుచేసే చిన్న యంత్రం ఒకటి ఉంది జాంగోలో, స్లగిఫై అని. మామూలుగా అయితే అది ఇంగ్లీష్ అక్షరాలనే ఉంచుతుంది. తెలుగు ఇస్తే మొత్తం ఊడ్చేసి ఖాళీ చేతులు చూపిస్తుంది. అది డాక్యుమెంటేషన్‌లో చెప్పారు, ఫిర్యాదు లేదు. వేరే భాషలవాళ్లు ‘అలౌ యూనికోడ్’ అనే మీట నొక్కుకోవాలి. మా అమ్మాయి నొక్కింది. ఆ మీట గురించి, తను వాడిన 4.2 వెర్షన్ కాగితాల్లో ఒక మిసాల్ ఇచ్చారు. చైనా భాషలో సలామ్ చెప్పే మాట ఇస్తే అది చెక్కుచెదరకుండా వచ్చింది. అది చూసినవాళ్లు ఏమనుకుంటారు? చైనా అక్షరాలకే ఢోకా లేనప్పుడు మన అక్షరాలకేం అనుకుంటారు.

అసలు మెలిక అక్కడే ఉంది. యూనికోడ్‌లో ప్రతి గుర్తుకీ ఒక జాత్ రాసిపెట్టారు. ‘ద’ అక్షరం. దాని కింద కొమ్ము అక్షరం కాదు, అక్షరానికి తగిలించే చిహ్నం. సున్నా, పొల్లు కూడా అంతే. ‘అక్షరాలూ అంకెలూ ఉంచు, మిగతావి తీసెయ్’ అని స్లగిఫై పైథాన్‌ని అడుగుతుంది. పైథాన్ లెక్కలో కొమ్ము అక్షరం కాదు కాబట్టి తీసేస్తుంది. మా అమ్మాయి నా ముందే పాలు, పూలు, పులి అని కొట్టి చూపించింది. మూడుసార్లూ ‘పల’ అనే వచ్చింది. రంజాన్ ‘రజన’ అయింది. హిందీ మాత్రలదీ, తమిళం గుర్తులదీ ఇదే హాల్.

మరి ఉర్దూ ఎలా బతికింది? చిన్నప్పుడు ఖాయిదా చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు. జేర్, జబర్, పేష్ మన ఉర్దూ రాతలో పెట్టం, అలవాటు మీద చదివేస్తాం. పెడితే అవీ ఎగిరిపోయేవే. ఏరాబ్ లేకపోయినా ఉర్దూ లఫ్జ్ ఉర్దూ లఫ్జే. గుణింతం లేని తెలుగు మాత్రం తెలుగు కాదు. ఒక భాష స్కూల్లో, ఇంకో భాష కాలేజీలో నేర్చుకున్నవాణ్ని కాబట్టి ఈ ఫరఖ్ నాకు వెంటనే వెలిగింది. ఇరవై ఏళ్ల పిల్లకి ఎలా వెలుగుతుంది? ఎవరో ఒకరు రాసి పెడితేనే కదా!

ఆ మీట కింద రాసిందల్లా అక్షరాలు, అంకెలు, గీతలు తప్ప మిగతావి తీసేస్తుందని. అబద్ధం కాదు. కానీ తెలుగు చదివేవాడికి ‘దు’ ఒక అక్షరం. అందులో సగమే అక్షరం, మిగతా సగం కాదు అని ఎవరు ఊహిస్తారు? పైగా, సరైన తెలుగు పేరుని మా అమ్మాయి చేత్తో కొడితే దాన్నీ ఒప్పుకోలేదు. యూనికోడ్ అక్షరాలతో సరైన స్లగ్ ఇవ్వండి అని హుకుం! సరైనది ఇచ్చినందుకే ఆ మాట.

జాంగో డాక్యుమెంటేషన్ చెత్త అనడం లేదు నేను. బేషక్ మంచిదే. నేర్చుకునేవాడికి పాఠాలు వేరు, విషయాల వివరణ వేరు, పనులు చేసే దారి వేరు, వెతుక్కునే జాబితా వేరు అని చక్కగా పంచి రాశారు. నెట్ లేనిచోట చదువుకోడానికి పీడీఎఫ్ కూడా ఇస్తారు. ఫ్రెంచ్, జపనీస్, ఇండోనేషియన్‌లలో తర్జుమాలున్నాయి. తెలుగు లేదు, ఉర్దూ లేదు, అది మనం చేసుకోని పని, వాళ్లననడం ఇన్సాఫ్ కాదు. కానీ అంత మంచి ఉస్తాద్ ఒక్కచోట ఖామోష్‌గా ఉంటే శాగిర్ద్ తన్నే అనుమానించుకుంటాడు. మామూలు ఉస్తాద్ అయితే ముందు ఆయన్నే అనుమానిస్తాం.

నాకు తెలిసిన ఒక సాఫ్ట్‌వేర్ సాహెబ్, “స్లగ్ ఇంగ్లీష్‌లో పెట్టుకోండి భాయ్, గొడవే ఉండదు” అన్నాడు. పెట్టుకోవచ్చు. మా డెస్కులో తెలుగు వార్తలకి మేం చేసేదీ అదే. అయితే ఆ సలహా ఆ మీట పక్కనే రాసి ఉండాలి. రెండు రాత్రులు పోయాక ఒక భాయ్ చెబితే తెలియడం కాదు. యంత్రాన్నే బాగుచేయొచ్చుగా అంటే, అది నేననుకున్నంత ఆసాన్ కాదట. ఇప్పుడు మారిస్తే దాని మీద నడుస్తున్న పాత సైట్ల లింకులు తెగిపోవచ్చు. సరే. ఒక వాక్యం రాయడానికి ఏ లింకూ తెగదు. ‘తెలుగు, హిందీ, తమిళం లాంటి లిపుల్లో గుణింతాలు పోతాయి, వేరే ఏర్పాటు చేసుకోండి’ అంటే చాలు. చైనా మిసాల్ కింద తెలుగు మిసాల్ ఒకటి పెడితే ఇంకా మంచిది.

జాంగో కోడ్ ఉన్న ఖజానాలోనే డాక్యుమెంటేషన్ కూడా ఉంటుంది. తప్పు కనబడితే ఎవరైనా టికెట్ పెట్టొచ్చు, మార్పు రాసి పంపొచ్చు. హైదరాబాద్‌లో, గుంటూరులో, కడపలో మన పిల్లలు ఎంతమంది ఈ చదువు చదువుతున్నారు! వాళ్లలో ఎవరికో ఒకరికి ఈ ‘పల’ కనబడే ఉంటుంది. ఆస్కీలోకి మార్చుకుని, ఉద్యోగానికి వెళ్లిపోయి ఉంటారు.

మా అమ్మాయి ఆ వాక్యం ఇంగ్లీష్‌లో రాసింది. పంపేముందు నన్ను చూడమంది. నా ఇంగ్లీష్ సంగతి తనకి తెలుసు, అయినా అడిగింది. ‘సారీ’ అని మొదలుపెట్టింది, ఆ ఒక్క మాట కొట్టేయించాను. సైట్‌లో ప్రస్తుతానికి పేర్లు తీసేసి నంబర్లు పెట్టింది. జ్వరానికి దువా 14, దవా 15.