పండ్రెండు దినముల లెక్క

మార్చి 31వ తేదీ బ్యాంకు ఉద్యోగికి పర్వదినమో శ్రాద్ధదినమో చెప్పుట కష్టము. అట్టి యొక రాత్రి, మొండి బకాయిల పట్టిక ముందు పెట్టుకొని నేను కూర్చుండియుండగా, తణుకు దాపునగల మా యూరిలో మా యమ్మ కన్నుమూసెను. ఆ సాయంకాలమే ఆమె ఫోను చేయగా, “క్లోజింగులో ఉన్నానమ్మా, రేపు మాట్లాడతా” నని పెట్టివేసితిని.

కర్మ జరిగిన పండ్రెండు దినములును అరుగుమీద కూర్చున్న నాయొద్దకు వచ్చినవారు తలకొక ముచ్చట చెప్పి పోయిరి. రెండేండ్ల క్రిందట అమ్మ కంటి శుక్లములకు ఆపరేషను జరిగినదనియు, ఆసుపత్రికి తోడు పోయినవాడు ఎదురింటి ఆర్టీసీ కండక్టరనియు, నాకు తెలుపవద్దని ఆమె అతనిచేత ఒట్టు పెట్టించుకొన్నదనియు నాకప్పుడు తెలిసెను. “వాడికి ఇంటర్వ్యూ ఉంది, కంగారుపడతాడు” అన్నదట. నిజమే, ఆ నెలలో నేను స్కేలు ఫోరు పదోన్నతి ఇంటర్వ్యూకు చదువుకొనుచుంటిని. అందు నెగ్గితిని కూడ. కాని ఆ యరుగుమీద నా స్కేలెంతయని అడిగినవాడు లేడు. అక్కడ పెద్దమనిషి ఆ కండక్టరే.

మరుసటి యేడు పైమెట్టు ప్రమోషనుతో పరరాష్ట్రమునకు ఉత్తరువు రాగా, ఎనుబదేండ్ల తండ్రిని ఒంటరిగా విడువజాలక, వలదని వ్రాసి యిచ్చితిని. “ఫోర్‌గో చేశాడట, మతి పోయింది” అని తోడివారనుకొనిరి. ఉద్యోగము పురుషలక్షణమని నమ్మిన జాతికి పదోన్నతిని కాదనుట లక్షణలోపముగా తోచుట వింత గాదు.

అయితే ఇది త్యాగమని చెప్పుకొనుటకు నాకు నోరు రాదు. జీతము నిలకడగానున్నవాడు మెట్టు వదలుకొనగలడు. రోజుకూలికి పోవువానికిని, అప్పుచేసి దుబాయి వెళ్లినవానికిని ఆ యవకాశ మెక్కడిది? మరి స్త్రీలు తరతరములుగా విడిచిపెట్టిన చదువులకును కొలువులకును ఫోర్‌గో అను పేరైనను పెట్టినవారు లేరు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించినప్పుడు, వంటవారు రాక, నీళ్లు మోయువారు లేక, గోదావరినుండి తాను బిందెలు మోసి, తాను వండి వడ్డించినది ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు. పంతులుగారికి రావు బహద్దరు బిరుదు వచ్చినది. 1910లో ఆమె గతించినపిమ్మట తొమ్మిదేండ్లు ఒంటరిగా బ్రతికిన ఆ మహనీయునికి తన కీర్తిలో ఆ బిందెల వంతెంతయో తెలియకుండునా?

నన్ను పండ్రెండు దినములు అరుగుమీద కూర్చుండబెట్టిన మైల యను ఆచారమున నేను సమర్థింపజాలని యంశములు పెక్కు గలవు. కాని అది మనిషిని పనినుండి బలవంతముగా నిలిపి, పోయినవారినిగూర్చి ఊరందరిచేతను చెప్పించి వినిపించుచుండెను. ఇప్పుడు మూడవ నాటికే ల్యాప్‌టాప్ తెరచుచున్నాము. అమెరికానుండి కొడుకు విమానము దిగువరకు తండ్రి దేహము ఐసు పెట్టెలో ఎదురుచూచుచున్నది. వెళ్లినచో తిరిగి రానిత్తురో లేదోయని వీసాకు వెరచి, చితిని ఫోనులోనే చూచి యేడ్చిన బిడ్డలును గలరు. వారిని నిందింపను. ఇరువది మైళ్ల దూరముననుండి నేను చేసినదేమి?

వృద్ధులైన తల్లిదండ్రుల పోషణకై 2007లో కేంద్రము చేసిన చట్టము నెలకు 10,000 రూపాయలకు మించని భరణమును నిర్దేశించినది. మంచిదే. మా యమ్మ నన్నెన్నడును రూపాయి యడిగినది కాదు. బిడ్డల సంరక్షణకై కేంద్ర ప్రభుత్వోద్యోగినులకు సర్వీసు మొత్తముమీద 730 దినములవరకు సెలవు గలదు. అట్టి ప్రత్యేకమైన సెలవు, స్త్రీపురుషభేదము లేక, తల్లిదండ్రుల పేరను ఏల యుండరాదు? చావుకు సెలవిచ్చు అధికారి కంటి ఆపరేషనుకు “వేరెవరూ లేరా” అని యడుగుచున్నాడు. నేనును అట్లడిగినవాడనే, నా క్రింద పనిచేసిన యొక గుమాస్తాను అడిగితిని. అతడు వేరొకరిని పంపి, ఆనాడు కౌంటరులో సాయంకాలమువరకు కూర్చున్నాడు.

నాన్నగారికి ఇప్పుడు జ్ఞాపకశక్తి తగ్గినది. “రేపు ఆఫీసుందా?” అని ప్రతిరాత్రియు అడుగుదురు. ఉన్నదందును. “క్లోజింగా?” అందురు. ఆ మాటను అమ్మ ఆయనకెప్పుడు నేర్పినదో!